షక్కర్ నిలబడ్డ బండ

పోయిన నెల మా కోడలు ఒక కుక్కపిల్లను తెచ్చింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మాది మూడో అంతస్తు ఇల్లు. మనిషికి మనిషి ఎదురొస్తే ఒకరు గోడకు ఆనుకొని దారి ఇయ్యాల్సినంత బాల్కనీ, ఆ బాల్కనీలో ఇప్పుడు దానికొక మెత్తటి పరుపు, రెండు స్టీలు గిన్నెలు, కొరుక్కునేటందుకు ఒక రబ్బరు ఎముక, వీటన్నిటికంటే ముఖ్యంగా నీలం అంచున్న తెల్లటి ప్యాడ్లు. అది ఒంటికి పోవాల్సింది ఆ ప్యాడ్ల మీదనే అట. కోడలు ఫోనులో రెండు గంటలకొకసారి అలారం పెట్టుకుంది. అది మోగంగానే పొయ్యి మీద ఏమున్నా వదిలి ఉరికొచ్చి, దాన్ని ఎత్తి ప్యాడ్ మీద నిలబెట్టి, చేతులు కట్టుకొని ఎదురుచూస్తది. అది చుట్టూ ఒకసారి చూసి, ప్యాడ్ దిగి, నిదానంగా నడుచుకుంటూ వచ్చి నా మంచం కోడు దగ్గర పని కానిచ్చుకుంటది. నాకు నవ్వు ఆగదు, కోడలికి ఏడుపు ఒక్కటే తక్కువ.

మొన్న పొద్దున కూడా అదే తంతు. కోడలు తలపట్టుకొని కూర్చుంటే నా నోట్లో నుంచి, నేను అనుకోకుండానే, పెదవుల సందుల నుంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. స్స్స్స్. కుక్కపిల్ల తల పక్కకు వంచి నా దిక్కు చూసింది. కోడలు కూడా తల పక్కకు వంచే చూసింది, అదేం సౌండ్ అత్తమ్మా అన్నది. యాభై ఏండ్ల కిందటి వాన ఒకటి వచ్చి నా మీద పడ్డట్టయింది.

నా ఈడు వాళ్లకు ఆ చప్పుడు గురించి వివరించే పని లేదు. కాళ్లు బారజాపుకొని కూర్చున్న ఒక పెద్దామె, ఆమె రెండు పాదాల నడుమ కూర్చోబెట్టిన పసిపిల్ల, ఆ పిల్ల రెక్కలు పట్టుకొని చెవి దగ్గరికి వంగి, ఎంతసేపైనా సరే విసుగు లేకుండా ఆమె చేసే ఆ స్స్స్స్. మనమందరం ఆ చప్పుడు వినే ఒంటికి పోవుడు నేర్చుకున్నోళ్లం, మన తల్లులూ అట్లనే నేర్చుకున్నోళ్లు. మనం నేర్చుకున్నట్టు మనకు గుర్తుండదు, అంతే. నాకు మాత్రం ఒకరు నేర్చుకుంటుంటే కళ్లారా చూసే భాగ్యం దక్కింది. ఆ ఒకరు మనిషి కాదు, మా ఇంటికి వచ్చిన మొదటి కుక్కపిల్ల.

మాది బోధన్ దిక్కు ఊరు. కాలువ కింద చెరుకు, మెరక మడుల్లో పసుపు. నేను అప్పుడు నాలుగో తరగతి, తమ్ముడు ఏడాది నిండని పసివాడు. బాపు, మమ్మల్ని కన్న అవ్వ, మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి. ఇంటి పెద్దరికం బాపుదని ఊరంతా అనుకునేది కానీ, ఏ మడిలో ఏం పెట్టాల్నో కూడా బాపు ఒకసారి బాపమ్మ మొహం దిక్కు చూసినంకనే చెప్పేటోడు. బాపమ్మది పాడు శుభ్రం. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లేది, రెండు రోజులకొకసారి ఇల్లంతా పేడతో అలికేది, నడిమింట్లో గూట్లో దేవుళ్లు ఉంటరు కనుక ఆ నేల మీద మేము కాళ్లు కడుక్కోకుండా అడుగుపెడితే ఆమె నోట్లో నుంచి వచ్చే మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

చలికాలంలో చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయేవి. ఫ్యాక్టరీ ముందట బండ్ల వరుస కంటికి కనిపించినంత దూరం ఉండేదట. ఒక్కోసారి రెండు రోజులు అక్కడనే ఎడ్లను విప్పి, బండి కిందనే వండుకొని, బండి కిందనే పండి, వంతు వచ్చినంక చెరుకు దింపి బాపు తిరిగొచ్చేటోడు. ఆ సారి ఖాళీ బండితో వస్తుంటే ఎడపల్లి దాటినకాన్నుంచి ఏదో కుయ్‌కుయ్‌మంటున్నదట, ఇరుసుకు ఆముదం అయిపోయిందనుకొని రెండుచోట్ల ఆపి ఇరుసుకు పూసిండట. ఇంటికొచ్చి ఎడ్లకు వేసే చెరుకు కొసల మోపు కిందికి లాగితే ఇరుసు చప్పుడు బయటపడ్డది. జానెడు కూడా లేదు. తెల్లటి ఒంటి మీద బెల్లం రంగు మచ్చలు, కళ్లు తెరిచి వారమో పది రోజులో అయి ఉంటది. ఫ్యాక్టరీ దగ్గర ఏ బండి కిందనో ఈనిన కుక్క పిల్ల, వెచ్చగా ఉన్నదని మోపులో దూరి నిద్రపోయింది. దాని ఒళ్లంతా ఉడికిన చెరుకు పాకం వాసన. షక్కర్ వచ్చింది చూడు అని బాపు నవ్విండు, అదే దానికి పేరైంది.

మళ్లీ బండి కట్టేది వారం తర్వాత, అప్పుడు తీసుకపోయి తల్లి దగ్గర విడుస్త అన్నడు బాపు. వారం తర్వాత నేను ఇస్తనా? అన్నం మానేసి తలుపు వెనుక కూర్చున్న. బయట కొట్టంలో ఉంచుదామంటే మొదటి సాయంత్రమే ఊర కుక్కలు రెండు వచ్చి దాన్ని చీరినంత పని చేసినయి. ఇంట్లోకి తేవాలె, ఇంకో దారి లేదు. ఇంట్లో ఏమో బాపమ్మ. చివరికి నా మొండితనం చూసి ఒక మాట ఇచ్చింది, ఆ మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నది.

"పసుపు బండ్లు ఇందూరు పోయేదాంక సూస్త. గప్పటికి గిది ఇంట్ల పాడు జేసుడు బంద్ జేసిందా, ఉంటది. లేదా, బండ్లతోటే యార్డుకు పోతది. మీ బాపు ఆడనే ఇడిసి వస్తడు."

ఇందూరు అంటే నిజామాబాదే, బాపమ్మ బతికున్నన్ని రోజులు ఇంకో పేరు పలకలేదు. పసుపు యార్డు అంటే నాకు అప్పుడు బస్తాలు, హమాలీలు, ఎడ్లు, లారీలు, అరుపులు. అంత జనంలో ఈ జానెడు ప్రాణాన్ని విడిచిపెట్టి వస్తడా బాపు? మూడు నెలల గడువు దొరికిందని సంబరపడాలో, మూడు నెలలే ఉన్నదని ఏడ్వాలో తెలియలేదు.

నేర్పుడు ఎట్లనో నాకేం తెలుసు? ముక్కు దాంట్లోనే పెట్టి రాయమని ఒకరు చెప్పిండ్రు, చీపురుతో ఒక్కటి పీకమని ఒకరు చెప్పిండ్రు. ముక్కు రాసిన, ఒక్కసారి. అది తుమ్మి, ఆ ముక్కుతోనే వచ్చి నా చేయి నాకింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు, ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు. అది బియ్యం గుమ్మి పక్కన పోసింది, నా పలక సంచి మీద పోసింది, ఒకసారి బాపు చెప్పులోనే పోసింది. బాపమ్మ చూడకముందే నేను ఇంత పేడ తెచ్చి ఆ జాగ అలికేసేదాన్ని, ఏదో పెద్ద తెలివైన పని చేసిననుకొని. పాత నేల మీద కొత్త అలుకు దాగుతదా? పది రోజులకు మా నడిమిల్లు మచ్చల బర్రె లెక్క తయారైంది. బాపమ్మ ఆ మచ్చల దిక్కు చూసేది, నా దిక్కు చూసేది, హూఁ అని ఒక్క శబ్దం చేసి తన పనికి పోయేది.

ఒకరోజు పొద్దున ఎండలో కూర్చొని ఆమె తమ్మునికి నలుగు పెట్టి, స్నానానికి ముందు పాదాల మీద కూర్చోబెట్టి స్స్స్స్ అంటున్నది. నేను చూస్తున్న. ఒక్కసారిగా నా బుర్రలో దీపం వెలిగింది. షక్కర్‌ను చంకన పెట్టుకొని కొట్టం పక్కకు ఉరికిన. అక్కడ ఎడ్లను కడిగిన నీళ్లు పారిపోయే దగ్గర ఒక పలక బండ ఉండేది. దాని మీద కూర్చొని, లంగా పైకి దోపుకొని, కాళ్లు బారజాపి, షక్కర్‌ను రెండు పాదాల నడుమ పెట్టి, ముందరి కాళ్లు పట్టుకొని, బాపమ్మ ఎట్ల వంగేదో అట్లనే వంగి, ఎట్ల అనేదో అట్లనే అన్న. అవ్వ పాలు పిండుతూ పిండుతూ చూసి, బర్రె బెదిరిపోయేటట్టు నవ్వింది. బాపమ్మ నవ్వలేదు. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. నా మనుమనికి జేసే సప్పుడు కుక్కకు జేస్తవా, సిగ్గు లేదా నీకు అన్నది. ఆమె పిల్లలు ఆరుగురు, మనుమలు మనుమరాండ్రు ఎందరో, అందరికీ ఆ నోటితోనే చేసింది. ఆ చప్పుడు ఆమెకు దేవుని గూటితో సమానం. అది నాకు అప్పుడు తెలియదు.

మూడు రోజులు ఏమీ కాలేదు. అది నా కాలివేళ్లు నాకేది, బండ మీద చీమలను చూసేది, నిద్రపోయేది. నాలుగో రోజు పొద్దున నేను స్స్స్స్ అంటున్న, నోరు ఎండుకపోయింది, ఇక లేద్దామనుకుంటున్న, అప్పుడు నా పాదాల మీద వెచ్చగా తగిలింది. నేను వేసిన కేకకు బాపు బావి దగ్గర నుంచి చెంబు పట్టుకొని ఉరికొచ్చిండు, తేలు కుట్టిందనుకున్నడట. అబ్బ, ఆ సంతోషం! పెండ్లైంది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టిండ్రు, కానీ కాళ్లు తడిసినందుకు అంత సంబరపడ్డది మళ్లీ లేదు.

ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది. పది పదిహేను రోజుల్లో దానికి నా పాదాలతో పని లేకుండా పోయింది. అక్కెర పడ్డప్పుడు వచ్చి నా లంగా అంచు పట్టి గుంజేది, తనే ముందు నడిచి ఆ బండ ఎక్కేది, ఎక్కి నా మొహం దిక్కు చూస్తూ నిలబడేది. నేను ఆ చప్పుడు చేస్తేనే పోసేది. చేయకపోతే అట్లనే నిలబడేది, ఆగుడు కష్టమై వెనుక కాళ్లు వణికేవి, అయినా నిలబడేది. నేను తర్వాత ముప్పై ఏండ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన, మంచి మంచి పిల్లలు నా చేతుల మీదుగా పోయిండ్రు. కానీ ఒక్క మాట రాని ప్రాణి, నా మనసులో ఉన్నదేమిటో దాని అంతట అది వెతుక్కొని, కనిపెట్టుకొని, నేను చెప్పిన దానికంటే గట్టిగా పట్టుకున్న ఆ తీరు మళ్లీ ఎక్కడా చూడలేదు. ఎవరు చెప్పిండ్రు దానికి? అంత చిన్న తలకాయలో ఎక్కడ పెట్టుకుంది? తమ్ముడు నేర్చుకుంది ఇంకో ఏడాదికి. వాడికిప్పుడు మనుమలు, అయినా ఇంట్లో నలుగురు కలిసినప్పుడు ఆ ముచ్చట తీస్తే వాడు అన్నం ముందు నుంచి లేచిపోతడు.

ఇక గండం గడిచినట్టే అనుకున్న. అంతలో పసుపు తవ్వకాలు మొదలైనయి. ఈ తరం పిల్లలకు పసుపంటే ప్యాకెట్ కనుక కొంచెం చెప్పాలె. తవ్విన కొమ్ములను విరిచి, మన్ను దులిపి, పొలంలో పెద్ద పొయ్యి తవ్వి దాని మీద ఇనుప కడాయి పెట్టి ఉడకబెట్టేది. ఉడికినదాన్ని కల్లంలో, అంటే అలికి చదును చేసిన జాగలో, గలగలమనేదాంక రెండు మూడు వారాలు ఎండబోసేది. ఆ కల్లంలోకి మా ఇంట్లో ఎవరూ చెప్పులతో పోలేదు. మొదటి కడాయి ఎక్కించేనాడు బాపమ్మ తలస్నానం చేసి, పచ్చి కొమ్ముల కుప్పకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడే పొయ్యి అంటించనిచ్చేది. ఇది ఎవరింట్ల పెండ్లికి పోతదో, ఏ పసిదాని ఒంటికి రాస్తరో, ఏ దేవునికి పోతదో అనేది. అమ్మే సరుకని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆనాడు షక్కర్‌ను కల్లం దిక్కు తేవద్దని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. నేను తీసుకపోయిన. ఒడిలోనే పెట్టుకొని కూర్చుంట, ఏమైతది అనుకున్న. కొబ్బరికాయ కొట్టిండ్రు, పొయ్యి అంటించిండ్రు, ఎండిన చెరుకాకు మంట భగ్గున లేచింది. మంట పక్కకు పాకుతున్నదని బాపు చెంబెడు నీళ్లు తీసుకొని పొయ్యి అంచున పడ్డ నిప్పుల మీద కొట్టిండు.

స్స్స్స్ మన్నయి నిప్పులు.

షక్కర్ నా ఒడిలో నుంచి లేచింది. నిద్రలో నుంచి లేచింది కాబోలు, ఒకసారి తూలింది. బండ లేదు కదా, చుట్టూ చూసింది, ఎదురుగా ఎత్తుగా కనిపించిన జాగ ఎక్కింది, బొట్టు పెట్టిన పచ్చి పసుపు కుప్ప అంచు మీద బుద్ధిగా నిలబడి, నా మొహం దిక్కు చూస్తూ, నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది.

బాపమ్మ వంగి, తడిసిన కొమ్ములను రెండు చేతులతో గంపలోకి ఎత్తి, దూరంగా తీసుకపోయి పెంటలో పోసి, చేతులు కడుక్కొని వచ్చి, కుప్పకు మళ్లీ బొట్టు పెట్టింది. అప్పుడు బాపుతో, నాతో కాదు, ఇంకేం సూసేది లేదు, బండ్లు పోయేనాడు గిది గూడ పోవాలె అన్నది. తప్పు దానిది కాదు బాపమ్మా, నిప్పులు నా లెక్కనే సప్పుడు చేసినయి అని నేను ఏడ్చుకుంటూ చెప్పిన. నేను జెప్పలేదా, ఆ సప్పుడు దానికి నేర్పొద్దని అన్నది. నిజమే కదా, చెప్పింది.

ఆ తర్వాత రెండు వారాలు మా కల్లంలో పసుపు ఎండుతుంటే నా గుండె ఎండింది. ఊరంతా మంచి ఎండలు కాస్తున్నయని సంబరపడుతుంటే, నేను మబ్బు కోసం చూసేదాన్ని. మబ్బు పడితే పసుపు ఎండదు, ఎండకపోతే బండ్లు పోవు. ఇంటిల్లిపాది కష్టం నాశనమైతే బాగుండునని మొక్కిన పిల్లను నేను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది, అయినా నిజం. షక్కర్ మాత్రం ఏ ఎరుకా లేకుండా రోజూ లంగా గుంజేది, బండ ఎక్కేది, నా మొహం చూసేది.

నేను మొక్కినందుకో ఏమో, వాన రానే వచ్చింది. ఇంకో నాలుగు రోజులైతే పసుపు బస్తాలకెత్తుతరనంగా, ఒకరోజు పొద్దున అంబలి తాగేవేళకే పడమట నల్లగా కమ్ముకొచ్చింది. గంపలు, బస్తాలు, పసుపు మీద కప్పే తాటిపత్రీ పట్టాలు పట్టుకొని ఇంటిల్లిపాదీ కల్లానికి ఉరికినం. షక్కర్ కాళ్లకు అడ్డం పడుతున్నదని అవ్వ దాన్ని నడిమింట్లోకి నెట్టి, తలుపు దగ్గరికి వేసి, గొళ్లెం పెట్టింది. దేవుళ్లున్న నడిమిల్లు. నేను ఆగబోతే బాపు రెక్క పట్టి గుంజుకపోయిండు.

ఆ రోజు పడ్డ కష్టం పగవానికి కూడా వద్దు. వడగండ్లు పడ్డయి, తాటిపత్రీ గాలికి లేచిపోయింది, దాని కొసల మీద బాపు ఒక దిక్కు, అవ్వ ఒక దిక్కు పండుకొని పసుపును కాపాడిండ్రు. నేను, బాపమ్మ గంపలతో కల్లం పక్క గుడిసెలోకి మోసినం. తమ్ముడు గుడిసెలో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిండు. నోట్లో మెతుకు లేదు, మధ్యాహ్నం పోయింది, పొద్దు వాలింది, వాన ఆగలేదు. ఆ గడబిడలో కూడా నా మనసు ఇంటి దగ్గరనే ఉన్నది. పొద్దటి నుంచి తలుపు వేసే ఉన్నది. పొద్దటి నుంచి!

చివరికి, పిల్లవాడికి చలి పట్టేటట్టున్నదని బాపమ్మ వాణ్ని గొంగడిలో చుట్టుకొని ఇంటికి బయలెల్లింది. నేను ఖాళీ గంప పట్టుకొని వెనుక నడిచిన. ఇల్లు దగ్గరపడ్డకొద్దీ నేను వెనుకబడ్డ. తలుపు తెరిచినంక ఏం కనిపిస్తదో నాకు తెలుసు. దేవుని గూటి కింద అది కనిపిస్తే బాపమ్మ బండ్ల దాంక కూడా ఆగదు, ఈ వానలోనే గేటు బయట పెడుతది. నేను ప్రహరీ గోడ దగ్గరనే ఆగిపోయి, గోడ మీద నుంచి కళ్లు మాత్రం పెట్టి చూసిన.

బాపమ్మ గొళ్లెం తీసింది. షక్కర్ ఆమె కాళ్ల సందుల నుంచి దూసుకొచ్చింది. వాకిట్లో ఆగలేదు, చూరు కింద ఆగలేదు. అంత వానలో నేరుగా కొట్టం పక్కకు పోయి ఆ బండ ఎక్కి, తలుపు దిక్కు తిరిగి నిలబడ్డది. నిలబడ్డది, అంతే. కాళ్లు వణుకుతున్నయి, ఒళ్లంతా తడిసి ఎముకలు కనిపిస్తున్నయి, పొద్దటి నుంచి ఆపుకున్న కడుపు బిగుసుకపోయి ఉంటది, అయినా పోయలేదు. ఎవరన్నా ఆ చప్పుడు చేయాలె.

బాపమ్మ ముందు ఇంట్లోకి చూసింది. మూల మూలా చూసింది, గూటి కిందికి వంగి చూసింది, గుమ్మి వెనుక చూసింది. నేల పొడిగా ఉన్నది. ఎక్కడా ఒక్క చుక్క లేదు. అప్పుడు ఆమె గడపలో నిలబడి షక్కర్ దిక్కు చూసింది. చాలాసేపు చూసింది. పిల్లవాణ్ని లోపల బొంత మీద పండబెట్టి వచ్చి, అటు ఒకసారి, ఇటు ఒకసారి ఎవరన్నా చూస్తున్నరా అని చూసి, వానలోకి దిగింది. తల మీద గొంగడి కూడా వేసుకోలేదు. బండ దగ్గర గొంతుకూర్చొని, ఆరుగురు పిల్లలకు చేసినట్టే, మాకందరికీ చేసినట్టే, దాని చెవి దగ్గరికి వంగి స్స్స్స్ అన్నది.

అది పోసింది, పోసింది, ఎంతసేపు పోసిందో! బాపమ్మ అది అయిపోయేదాంక లేవలేదు, ఆ చప్పుడు ఆపలేదు. తెల్లటి తల మీద నుంచి నీళ్లు ధారలు కడుతున్నయి. నేను గోడ వెనుక గంప పట్టుకొని ఏడ్చిన. దుఃఖం కాదు అది. ఆ ఇద్దరికీ చేతులెత్తి మొక్కాలనిపించింది, గుడికి పోయినా, తీర్థాలకు పోయినా నాకు మళ్లీ అట్ల అనిపించలేదు.

లోపలికి పోయినంక ఆమె నాతో దాన్ని తుడువు, ఎట్ల వణుకుతున్నదో సూడు అన్నది. బండ్ల సంగతి నేను అడగలేదు, అడిగితే పోవాలె అంటదేమోనని భయం.

పసుపు కొంత నల్లబడ్డా మిగిలింది ఎండింది. బండ్లు కట్టేనాడు పొద్దున్నే బస్తాలు ఎక్కించి, తాళ్లు బిగించి, బాపు నా మొహం దిక్కు చూడకుండా షక్కర్‌ను ఎత్తిండు. ఎత్తి బస్తాల మీద పెట్టబోతుంటే గడపలో నుంచి బాపమ్మ కేక వేసింది.

"పసుపు మీద కుక్కనెక్కిస్తవారా? బుద్ధి గిట్ల ఉన్నదా నీకు? దించు!"

బాపు దించిండు. మరెట్ల తీసుకపోవాలె అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. బండ్లు కదిలిపోయినయి. షక్కర్ వాటి వెంట నాలుగు అడుగులు ఉరికి, తిరిగొచ్చి నా లంగా గుంజింది.

అది పన్నెండేండ్లు బతికింది. ఒక్కనాడు ఇంట్లో తప్పు చేయలేదు. అది పోయినంక కూడా ఆ బండ మీద బట్టలు ఉతకడానికి మాకు మనసొప్పేది కాదు. అప్పటికి నేను మెండోరలో టీచరుగా చేరిన. ఆ తర్వాతి ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి బాపమ్మ పడి తుంటి విరిగి మంచం పట్టి ఉన్నది. అంత శుభ్రం మనిషి, మంచంలో ఒంటికి పోవుడు ఆమె వల్ల అవుతదా? బేసిన్ పెడితే కళ్లు గట్టిగా మూసుకొని పొద్దటి నుంచి బిగబట్టేది. కడుపు ఉబ్బి నొప్పితో మూలుగుతున్నది, అవ్వ బతిమాలుతున్నది, బాపు బయట కూర్చొని తల పట్టుకున్నడు. నాకు ఏం తోచలేదు. పక్కన కూర్చొని, భుజాల కింద చేయి వేసి, ఆమె చెవి దగ్గరికి వంగి స్స్స్స్ అన్న.

ఆమె కళ్లు తెరిచింది. ఒక క్షణం నన్ను చూసి, పండ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. నన్ను షక్కర్‌ను జేసినవా పిల్లా అన్నది. ఆ నవ్వుతోనే కడుపు వదులైంది, కింద బేసిన్‌లో చప్పుడు వినిపించింది. నేను ఆ చప్పుడు ఆపలేదు, షక్కర్‌కు చేసినప్పుడు ఆమె కూడా ఆపలేదని నాకు గుర్తున్నది. అంతా అయినంక నా చేయి పట్టుకొని, మెల్లగా, ఆ వాననాడు గోడ కాన్నుంచి సూసినవు గదా, నాకెరుకే అన్నది. ఇన్నేండ్లు దాచుకున్నది! ఇద్దరం నవ్వినం, ఇద్దరం ఏడ్చినం. ఇరవై రోజులకు ఆమె పోయింది.

ఇదంతా మొన్న కోడలికి చెప్పిన. ఆమె కళ్లు తుడుచుకుంది, తర్వాత అలారం మోగితే లేచిపోయింది. ఇప్పుడు పసుపు ఉడకబెట్టే మిషన్లు వచ్చినయి, ఆవిరితో గంటలో అయిపోతది. బోధన్ తొవ్వలో బండ్ల వరుసలు లేవు. పసిపిల్లలకు పుట్టిన రోజు నుంచే డైపర్లు, ఎవరి పాదాలూ తడవవు, ఎవరూ కాళ్లు బారజాపి గంటలు గంటలు కూర్చోనక్కెర లేదు. అవన్నీ తప్పని నేను అనను, కోడలు ఆ కుక్కపిల్ల కోసం పడే తాపత్రయం తక్కువదేం కాదు. అయితే ఆ చప్పుడు మాత్రం ఇండ్లల్లో నుంచి వెళ్లిపోయింది. నేను చేసి చూపిద్దామంటే కట్టుడు పండ్ల సందుల నుంచి గాలి పోయి అది సరిగ్గా రావడం లేదు, కుక్కపిల్లకు అర్థం కావడం లేదు.

నా మోకాళ్లు చూస్తే ఎన్నాళ్లు నడుస్తనో తెలియదు. ఒకనాడు నేనూ మంచం పడుత. అప్పుడు నా కింద కూడా నీలం అంచున్న తెల్లటి ప్యాడ్ పరుస్తరు, పెద్దవాళ్లవీ అమ్ముతున్నరట. శుభ్రంగానే ఉంటది, పొడిగానే ఉంటది. చెవి దగ్గరికి ఎవరూ వంగనక్కెర ఉండదు.

అందుకే రోజూ పొద్దున కోడలిని బాల్కనీలో కాళ్లు బారజాపి కూర్చోమంటున్న, కుక్కపిల్లను పాదాల నడుమ పెట్టిస్తున్న, పెదవులు ఎట్ల పెట్టాల్నో, గాలి ఎంత సన్నగా విడవాల్నో ఓపికగా నేర్పుతున్న. కుక్కపిల్ల కోసమే అనుకుంటున్నది, పాపం.